నయాగరా మీద తాడు కట్టిన బ్లాండిన్

రాబర్ట్ జెమెకిస్ తీసిన ‘ది వాక్’ 2015లో విడుదలైనప్పుడు, త్రీడీలో చూసి కళ్లు తిరిగాయని చెప్పుకున్న ప్రేక్షకులు చాలామందే. 1974 ఆగస్టు 7న న్యూయార్క్ జంట టవర్ల మధ్య ఇనుప తీగ కట్టి నడిచిన ఫ్రెంచివాడు ఫిలిప్ పెటీ కథ అది. అదే ఘటన మీద 2008లో వచ్చిన ‘మ్యాన్ ఆన్ వైర్’ డాక్యుమెంటరీ ఆస్కార్ కూడా గెలుచుకుంది. ఈ రెండింటికన్నా చాలా ముందు, 1986లో, నయాగరా జలపాతం మీద తీసిన ఒక ఐమ్యాక్స్ చిత్రంలో పెటీ స్వయంగా నటించాడన్న సంగతి తక్కువమందికి తెలుసు. అందులో ఆయన వేసింది తన పాత్ర కాదు. తనకు వందేళ్లకు పైగా ముందు అదే దేశంలో పుట్టి, అదే విద్యతో ప్రపంచాన్ని నోరు తెరిపించిన బ్లాండిన్ పాత్ర.

పెటీ దొంగచాటుగా టవర్లెక్కాడు, పోలీసులు పట్టుకెళ్లారు. బ్లాండిన్ పత్రికల్లో ప్రకటన ఇచ్చి, టికెట్టు పెట్టి, రైళ్లలో జనం దిగేదాకా ఆగి మరీ తాడెక్కాడు. ఇద్దరి మధ్య అసలు తేడా ఇదే. బ్లాండిన్ జీవితమంతా ఒక వ్యాపారం. ఆ వ్యాపారంలో సరుకు ఆయన ప్రాణమే. జనం డబ్బిచ్చింది నడక చూడటానికా, పడిపోవడం చూడటానికా అన్న ప్రశ్న ఆయన బతికున్నన్నాళ్లూ ఆయన వెంటే నడిచింది.

ఆయన అసలు పేరు జాన్ ఫ్రాన్స్వా గ్రావెలె. 1824 ఫిబ్రవరి 28న ఉత్తర ఫ్రాన్స్‌లోని ఎస్దాన్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. ఐదేళ్ల వయసులో లియాన్‌లోని వ్యాయామ శాలలో చేర్చారు. ఆరు నెలలు తిరిగేసరికి ‘చిట్టి అద్భుతం’ అనే బిరుదుతో జనం ముందు నిలబెట్టారు. తొమ్మిదేళ్లకే తల్లిదండ్రులు లేనివాడయ్యాడు. ఇక తాడే కూడు పెట్టాలి. మన ఊళ్లలో డప్పు చప్పుడు మధ్య దొమ్మరుల పిల్లలు తాడెక్కిన వయసూ, ఎక్కిన కారణమూ ఇవే. కళ మీద మోజు తర్వాతి సంగతి, ముందు ఆకలి.

1850లలో రావెల్ కుటుంబం నడిపే ఆటల బృందంతో కలిసి ఆయన అమెరికా చేరాడు. ఆ బృందంతో తిరుగుతూ ఉండగానే నయాగరాను చూశాడు. చూసినవాళ్లందరికీ అది నీళ్లు. ఆయనకు మాత్రం రెండు గట్లు, మధ్యలో ఒక తాడు కనిపించాయి. మొదట జలపాతం పక్కనే ఉన్న గోట్ ద్వీపం నుంచి తాడు కట్టాలనుకున్నాడు. దాని యజమానులు ఒప్పుకోలేదు. దాంతో జలపాతానికి దిగువన, అమెరికా గట్టుకీ కెనడా గట్టుకీ మధ్య నది లోతైన లోయలో ఉరికే చోటును ఎంచుకోవాల్సి వచ్చింది.

ఈ నడక గురించి చెప్పేటప్పుడు అందరూ ధైర్యం గురించే మాట్లాడతారు. కానీ అసలు పని అంతా నడకకు ముందు వారాల్లోనే జరిగింది. రెండు గట్ల మధ్య దూరం సుమారు 1,100 అడుగులు. నీటికి ఎత్తు 160 అడుగుల దాకా. తాడు మనీలా నారతో పేనింది, మూడంగుళాలకు కాస్త పైచిలుకు లావు. అంత బరువైన తాడును ఒక్కసారిగా లోయ దాటించలేరు. ముందు సన్నటి తాడును దాటించి, దానికి లావు తాడు కట్టి లాగాలి. లాగుతుండగా ఒకచోట పని ఆగిపోతే, బ్లాండిన్ ఇంకో తాడు నడుముకు కట్టుకుని, ఆ సన్నటి తాడుకే వేలాడుతూ చేతుల మీద పాక్కుంటూ వెళ్లి ముడి వేసి వచ్చాడు. ఈ పనికి ఎవరూ టికెట్టు కొనలేదు. నయాగరా మీద ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది బహుశా ఇదే.

అంత పొడవు తాడు ఎంత బిగించినా సమంగా నిలవదు. తన బరువుకే మధ్యలో యాభై అడుగులకు పైగా కిందికి వంగింది. అంటే మొదటి సగం దిగుడు, రెండో సగం ఎక్కుడు. తాడు అటూ ఇటూ ఊగకుండా రెండు పక్కలా గట్ల మీదకు సన్నటి లాగుడు తాళ్లు కట్టారు. దూరం నుంచి చూస్తే సాలెగూడులా కనిపించే అల్లిక అది. నట్టనడుమ కొంత మేర మాత్రం ఆ తాళ్లు కట్టడానికి వీలుపడలేదు. ఆ కాస్త దూరమే అసలు పరీక్ష. అక్కడ తాడు ఊగుతుంది, దానితోపాటు మనిషీ ఊగాలి.

చేతిలోని పొడవాటి గడ అలంకారం కాదు. బరువు రెండు కొసలకూ దూరంగా పంచినప్పుడు ఒళ్లు పక్కకు ఒరగడం నెమ్మదిస్తుంది, సర్దుకోవడానికి ఒకటి రెండు క్షణాలు చిక్కుతాయి. గడ కొసలు కిందికి వంగితే మొత్తం బరువు తూగే చోటు కూడా కాస్త కిందికి దిగుతుంది. బ్లాండిన్ గడ బరువు దాదాపు 40 పౌండ్లు. కాళ్లకు మెత్తని తోలు జోడు. అరికాలికి తాడు తెలియాలి కదా. దొమ్మరి ఆటలో అడ్డగర్ర పట్టుకుని నడిచే పిల్లకు ఈ లెక్కలేవీ ఎవరూ చెప్పరు గానీ ఆమె చేతులకు ఇవన్నీ తెలుసు.

1859 జూన్ 30 సాయంత్రం. రైల్వే కంపెనీలు ప్రత్యేక రైళ్లు నడిపాయి. రెండు గట్ల మీదా వేలమంది. కొందరు టికెట్టు కొని కంచె లోపల కూర్చున్నారు, చాలామంది కంచె బయట కొండ అంచుల మీద ఉచితంగా నిలబడ్డారు. దాటతాడా పడతాడా అన్నదాని మీద పందేలు కాశారు. పడతాడన్న వైపు కాసినవాళ్లకూ కొదవ లేదు. సుమారు అయిదున్నర అడుగుల ఎత్తు, 140 పౌండ్ల బరువు, లేత రంగు జుట్టు ఉన్న ఆ మనిషి అమెరికా వైపు నుంచి బయల్దేరాడు. నడిమధ్యకు వచ్చి తాడు మీద కూర్చున్నాడు. కింద ఆగి ఉన్న ‘మెయిడ్ ఆఫ్ ది మిస్ట్’ స్టీమర్ మీదకు సన్నటి తాడు జారవిడిచి, ఒక సీసా పైకి లాక్కుని నాలుగు గుక్కలు తాగాడు. లేచి కెనడా వైపు ఎక్కుడు ఎక్కేశాడు. కాసేపు సేద తీరి తిరిగి అదే తాడు మీద వెనక్కి వచ్చాడు.

ఒకసారి దాటాక రెండోసారి చూడటానికి జనం రారు. ఈ విషయం బ్లాండిన్‌కు బాగా తెలుసు. అందుకే ఆ వేసవంతా ప్రతి నడకకూ ఏదో ఒక కొత్తది కలుపుతూ పోయాడు. కళ్లకు గంతలు కట్టుకుని నడిచాడు. ఒంటి మీద గోనె కప్పుకుని నడిచాడు. వెనక్కి వెనక్కి నడిచాడు. ఒంటిచక్రం బండి తోసుకుంటూ వెళ్లాడు. చిన్న స్టవ్ మోసుకెళ్లి, తాడు నడుమ దించి, నిప్పు రాజేసి ఆమ్లెట్ వేశాడు. ఇదంతా ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. ఆ నవ్వు కూడా లెక్కలో భాగమే. భయం మీద కాస్త హాస్యం చల్లితేనే మరుసటి వారం కుటుంబాలు పిల్లలతో వస్తాయి. సినిమా వాళ్లు ఇప్పుడు చేసే పని ఆయన అప్పుడే చేశాడు.

ఆ ఏడాది ఆగస్టులో మాత్రం నవ్వులాట కాని పని ఒకటి చేశాడు. తన మేనేజర్ హ్యారీ కోల్‌కార్డ్‌ను వీపున ఎక్కించుకుని లోయ దాటాడు. కోల్‌కార్డ్ బరువు దాదాపు బ్లాండిన్ అంతే. ఒక మనిషిని ఆసాంతం మోయడం కుదరదు. మధ్య మధ్య ఆగాలి. ఆగినప్పుడల్లా కోల్‌కార్డ్ కిందికి దిగి, తాడు మీద తన కాళ్లతో నిలబడి, బ్లాండిన్‌ను పట్టుకుని మళ్లీ ఎక్కాలి. తాడు మీద ఏనాడూ నడవని మనిషి చేయాల్సిన పని అది. బయల్దేరే ముందు బ్లాండిన్ ఆయనకు చెప్పింది ఒక్కటే: తనను తాను మరిచిపోయి, బ్లాండిన్ ఒంట్లో ఒక భాగం అనుకోవాలి, తాను ఊగితే తనతో ఊగాలి, సొంతంగా తూకం సర్దుకునే ప్రయత్నం ఏదీ చేయకూడదు. దారిలో ఒక లాగుడు తాడు తెగింది. పెద్ద తాడు పక్కకు విసిరినట్టు ఊగింది. బ్లాండిన్ పరుగు లాంటి నడకతో తర్వాతి ఊతం చేరి నిలదొక్కుకున్నాడు. పందెం కాసినవాళ్లే ఆ తాడు కోసి ఉంటారన్న పుకారు పుట్టింది. నిజమో కాదో గానీ, అది నమ్మదగ్గదిగా జనానికి అనిపించిందంటే ఆ గట్ల మీద ఎలాంటి వాతావరణం ఉందో తెలుస్తుంది.

1860లో నయాగరాకు పోటీదారు వచ్చాడు. విలియం హంట్ అనే యువకుడు, ఫరీనీ అని ఇటాలియన్ పేరు తగిలించుకుని, ఆగస్టులో తానూ లోయ దాటాడు. బ్లాండిన్ స్టవ్ మోస్తే ఫరీనీ బట్టలుతికే యంత్రాన్ని వీపున కట్టుకుని వెళ్లి, నది నీళ్లు తోడి, ఆడవాళ్ల చేతిరుమాళ్లు ఉతికి ఆరేశాడు. కండబలంలో ఫరీనీ తక్కువవాడేమీ కాదు. కానీ జనం మనసులో మొదటివాడి పేరే నిలిచింది. ఆ సెప్టెంబరులో బ్రిటిష్ యువరాజు, తర్వాతి కాలంలో ఏడో ఎడ్వర్డ్ రాజు, నయాగరాకు వచ్చినప్పుడు చూసింది బ్లాండిన్ నడకే. మరుగుకాళ్లు కట్టుకుని దాటిన నడక అది. యువరాజును కూడా మోసుకెళ్తానని ఆయన అడగడం, యువరాజు మర్యాదగా వద్దనడం అప్పటి పత్రికలకు మంచి ముచ్చట అయింది. బ్లాండిన్ పేరు రాజకీయాల్లోకీ వెళ్లింది. ఆ ఏడాది అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న అబ్రహాం లింకన్‌ను తాడు మీద బ్లాండిన్‌లా గీసి కార్టూన్ వేశారు. అంతర్యుద్ధం మధ్య తనను తప్పుబట్టడానికి వచ్చినవాళ్లకు, నయాగరా మీద దేశం సొత్తంతా మోస్తున్న బ్లాండిన్‌ను గట్టు మీద నిలబడి అదిలిస్తారా అని లింకన్ ఎదురడిగినట్టు కూడా చెబుతారు.

1861లో బ్లాండిన్ లండన్ చేరాడు. అక్కడి క్రిస్టల్ ప్యాలెస్ గాజు మండపంలో, నేలకు దాదాపు 170 అడుగుల ఎత్తున తాడు కట్టి, మరుగుకాళ్ల మీద పిల్లిమొగ్గలు వేశాడు. ఒక్కో ప్రదర్శనకు 100 పౌండ్లు. మామూలు పనివాడు ఏడాదంతా కష్టపడినా చూడలేని మొత్తం అది. అక్కడే ఆయన చిన్నారి కూతురు అడెల్‌ను ఒంటిచక్రం బండిలో కూర్చోబెట్టి తాడు మీద తోసుకెళ్లాడు. పాప కింద ఉన్న జనం మీద గులాబీ రేకులు చల్లింది. ఈసారి చప్పట్లతోపాటు విమర్శలూ గట్టిగా వినిపించాయి. ప్రభుత్వం కల్పించుకుని, పాపతో మళ్లీ ఆ పని చేయొద్దని ఆపించింది. ఐదేళ్లకు తాడెక్కినవాడికి ఐదేళ్ల పిల్లను ఎక్కించడంలో తప్పు కనబడకపోవడం ఆశ్చర్యమేమీ కాదు. తప్పు అక్కడే ఉంది కూడా. ప్రమాదకరమైన ప్రదర్శనల్లో 14 ఏళ్ల లోపు పిల్లల్ని వాడటాన్ని నిషేధిస్తూ బ్రిటన్ చట్టం చేసింది 1879లో గానీ కాదు.

బ్లాండిన్ ఎప్పుడూ పడలేదు. ఆయన చుట్టూ మాత్రం మనుషులు పడ్డారు. డబ్లిన్‌లో ఒక ప్రదర్శనలో తాడు తెగి, దాన్ని నిలబెట్టిన పరంజా కూలింది. ఆయన బతికి బయటపడ్డాడు. పరంజా మీద పనిచేస్తున్న ఇద్దరు కూలీలు చనిపోయారు. విచారణలో తప్పు తాడు తయారీదారు మీదకు వెళ్లింది. బ్లాండిన్ కొన్నాళ్లకు అదే డబ్లిన్‌లో మళ్లీ తాడెక్కాడు. 1862 డిసెంబరులో హవానాలో ఫరీనీ తన భార్యను వీపున మోస్తూ తాడు దాటుతుండగా, ఆమె జనానికి చెయ్యి ఊపబోయి పట్టు తప్పి పడి, తర్వాత ప్రాణం విడిచింది.

అన్నిటికన్నా చేదు కథ బర్మింగ్‌హామ్‌ది. బ్లాండిన్ పేరు మార్మోగడంతో ఇంగ్లండ్‌లో ‘ఆడ బ్లాండిన్’లు పుట్టుకొచ్చారు. ఆయన సంపాదనలో వందో వంతు కూడా రాని ఆడవాళ్లు, పాత తాళ్ల మీద, తిరునాళ్లలో, ఉద్యానవనాల్లో నడిచేవారు. సెలీనా పావెల్ వాళ్లలో ఒకరు. 1863 జూలై 20న బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ పార్కులో ఉత్సవానికి వచ్చిన జనం ముందు ఆమె తాడెక్కింది. అప్పటికి నిండు గర్భిణి. తాడు తెగింది, ఆమె అక్కడికక్కడే చనిపోయింది. శవాన్ని పక్కకు తీశాక ఉత్సవం ఆపలేదు. మిగతా వినోదాలు అలాగే సాగాయి. ఈ సంగతి విక్టోరియా రాణి దాకా వెళ్లింది. ఆ పార్కును ఐదేళ్ల కిందట తానూ, భర్త ఆల్బర్ట్ కలిసి ప్రారంభించారు. ఆల్బర్ట్ అప్పటికి చనిపోయి ఏడాదిన్నర. జనం మంచికోసం తెరిచిన చోటు ఇలాంటి ప్రదర్శనలకు దిగజారడం మీద తన బాధను తెలుపుతూ రాణి తరఫున నగర మేయర్‌కు ఉత్తరం వెళ్లింది. పార్కు నడుపుతున్న కంపెనీ అప్పులు తీర్చుకోవడానికే ఈ తమాషాలు పెడుతోందని తేలడంతో, మరుసటి ఏడాది నగరపాలక సంస్థ దాన్ని కొని ప్రజలకు ఉచితం చేసింది. సెలీనా ప్రాణానికి బదులుగా ఆ ఊరికి దక్కింది అదొక్కటే.

బ్లాండిన్ ఈ మరణాలకు చట్టపరంగా బాధ్యుడు కాదు. పావెల్ తాడును ఆయన కట్టలేదు. ఆయన తన తాడును తానే చూసుకునేవాడు, కొత్తది కొనే స్తోమత ఉంది. కానీ ప్రతి వారం గండం పెంచుకుంటూ పోతేనే జనం వస్తారన్న లెక్కను నేర్పింది మాత్రం ఆయనే. ఆ లెక్క ఆయనకు లాభం తెచ్చింది. మంచి తాడు కొనలేనివాళ్లకు మరణం తెచ్చింది. మరో పదేళ్లకు, 1873లో, అదే బర్మింగ్‌హామ్‌లో ఎడ్జ్‌బాస్టన్ జలాశయం మీద బ్లాండిన్ తాడు నడక జరిగింది. ఆ ఊళ్లో ఆయనకు ఇప్పుడు విగ్రహం ఉంది.

ఆ కాలంలోనే మన దేశంలో ఇదే విద్య ఉన్నవాళ్ల పరిస్థితి ఏమిటో ఒక్క మాట చెప్పుకోవాలి. ఊరూరా తిరిగి గడలెక్కి, తాళ్ల మీద నడిచి బతికే బృందాలు బ్రిటిష్ అధికారుల కళ్లకు కళాకారులు కారు, స్థిరమైన ఊరు లేని అనుమానితులు. సంచార జాతుల మీద పుట్టుకతోనే నేర ముద్ర వేసే చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. లండన్‌లో తాడు మీద నడిస్తే వంద పౌండ్లు, తెలుగు పల్లెలో నడిస్తే దోసెడు జొన్నలు, పైగా పోలీసు నిఘా. విద్య ఒక్కటే, కట్టిన ఎత్తు వేరు, కట్టిన దేశం వేరు.

1874లో బ్లాండిన్ ఆస్ట్రేలియా వెళ్లాడు. అక్కడ ఆయన్ను చూసినవాళ్లలోంచి ‘ఆస్ట్రేలియా బ్లాండిన్’ అనిపించుకున్నవాళ్లు తయారయ్యారు. 1876లో మారియా స్పెల్టెరీని అనే ఇటాలియన్ యువతి, కాళ్లకు బుట్టలు కట్టుకుని మరీ నయాగరా దాటి, అది దాటిన తొలి మహిళగా నిలిచింది. ఫరీనీ తాడు వదిలేసి, మనుషుల్ని ఫిరంగి గొట్టంలోంచి గాల్లోకి విసిరే యంత్రం కనిపెట్టి, 1877లో ఒక టీనేజీ అమ్మాయిని దాన్నుంచి పేల్చాడు. జనానికి తాడు పాతబడిపోతోంది. బ్లాండిన్ మాత్రం తాడు వదల్లేదు. డబ్బు పోగొట్టుకుని మళ్లీ ఎక్కాడని కొందరు, నేల మీద నిలవలేకే ఎక్కాడని కొందరు అన్నారు. అరవై దాటాక కూడా తాడు మీద వంట చేశాడు, మనుషుల్ని మోశాడు. చివరి ప్రదర్శన 1896లో బెల్‌ఫాస్ట్‌లో. అప్పటికి వయసు 72.

నయాగరా తర్వాత ఎంతోమందికి ఆశ పుట్టించినా, అధికారులు 20వ శతాబ్దంలో తాడు నడకలకు తలుపులు మూసేశారు. 2012 జూన్ 15న నిక్ వాలెండా ప్రత్యేక అనుమతి తెచ్చుకుని నేరుగా జలపాతం మీదుగా ఇనుప తీగ మీద నడిచాడు. ప్రత్యక్ష ప్రసారం చేస్తున్న టీవీ చానల్ పట్టుబట్టడంతో నడుముకు రక్షణ తాడు కట్టుకోక తప్పలేదు. కెనడా గట్టు చేరగానే అధికారులు అడిగితే పాస్‌పోర్టు చూపించాడు. బ్లాండిన్‌ను 1859లో ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు, తాడు కట్టుకోమని ఎవరూ పట్టుబట్టలేదు.

లండన్ పడమటి శివారు ఈలింగ్‌లో ఆయన కట్టుకున్న ఇంటి పేరు నయాగరా హౌస్. మధుమేహంతో 1897 ఫిబ్రవరిలో ఆ ఇంట్లోనే, మంచం మీదే కన్నుమూశాడు. 73 నిండటానికి కొద్ది రోజులే తక్కువ. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి చేశారు. ఈలింగ్‌లో ఇప్పుడు నయాగరా అవెన్యూ, బ్లాండిన్ అవెన్యూ అనే వీధులున్నాయి. వాటి దగ్గరే బ్లాండిన్ పార్కు ఉంది.